పీఠభూమి ట్రిప్పు ఒక్కటే కుదిరితే: చాంగ్‌థాంగా, స్పితా, నీలగిరులా, పాడేరు–కోరాపుటా?

హైదరాబాద్‌లో ఉండేవాళ్లు కూడా పీఠభూమి మీదే ఉంటున్నారు, సముద్ర మట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో. బెంగళూరు అయితే 900 దాటింది, ఇంచుమించు అరకు ఎత్తు. అయినా బెంగళూరులో ఉండే మా బంధువులు ప్రతి డిసెంబర్‌లోనూ "కొండ మీదికి పోదాం" అంటూ అరకు బయలుదేరతారు. ఎత్తు కావాలనుకునేవాళ్లకు నిజంగా కావలసింది చాలాసార్లు ఎత్తు కాదు. చలి కావాలి, ఖాళీ కావాలి, వేరేరకంగా బతికే మనుషుల్ని చూడాలి.

ఆ మూడోది కావాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎత్తైన పీఠభూమి మీద జనం ఎలా బతుకుతారో దగ్గరగా చూడాలి, సెలవు మాత్రం ఒక్కటే దొరుకుతుంది. అప్పుడు మన దేశంలో నా లెక్కలో నాలుగు చోట్లున్నాయి: లద్దాఖ్ తూర్పున ఉన్న చాంగ్‌థాంగ్, హిమాచల్‌లోని స్పితి, తమిళనాడు నీలగిరులు, మన పాడేరు–అరకు నుంచి ఒడిశా కోరాపుట్ దాకా పరుచుకున్న తూర్పు కనుమల మెట్ట. స్పితిని పీఠభూమి అంటే భూగోళం మాస్టారు ఒప్పుకోరు, అది లోయ. కానీ అక్కడి ఊళ్లు చాలావరకు లోయ అడుగున కాకుండా పైన బల్లపరుపు నేలల మీద, టిబెట్ పీఠభూమి అంచున ఉంటాయి. అందుకే చేర్చాను.

నాలుగింటికీ వేర్వేరు ఏళ్లలో వెళ్లాను. రెండు చోట్ల తప్పులు చేశాను, అవీ చెబుతాను.

ముందు చూసుకోవాల్సినవి

రాత్రి ఎక్కడ పడుకుంటారు? పగలు ఎంత ఎత్తు ఎక్కారన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తులో నిద్రపోయారన్నది ముఖ్యం. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్ర తీరంలో ఊపిరికి అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అక్కడ అందుతుంది. 4,500 మీటర్లకు వెళ్తే 57 శాతం దగ్గరికి పడిపోతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచొద్దని డాక్టర్లు చెప్పే లెక్క. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. టిబెట్ పీఠభూమి జనంలో ఈపీఏఎస్1 అనే జన్యువు ప్రత్యేక రూపంలో ఉంటుంది. దానివల్ల అంత ఎత్తులో కూడా వాళ్ల రక్తం చిక్కబడిపోదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ మీద బతికేవాళ్ల ఒళ్లు ఇంకో దారి పట్టింది, వాళ్లకు హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. మన ఒంట్లో ఈ ఏర్పాట్లేవీ లేవు. మనకున్న మందు రోజులే.

మీలో బలహీనులు ఎవరు? గుంపులో గట్టివాణ్ణి చూసుకుని ప్లాన్ వేస్తాం, ట్రిప్పు మాత్రం బలహీనుడి దగ్గర ఆగిపోతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు, సికిల్ సెల్ ఉన్నవాళ్లు 3,000 మీటర్లు దాటాలంటే డాక్టర్‌ని అడగకుండా టికెట్ తీయకూడదు. తలనొప్పి వచ్చిందని చెప్పలేని వయసు పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

మీరు వెళ్లే వేళకు అక్కడ ఏ పని నడుస్తుంది? నాకైతే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, ట్రావెల్ ప్యాకేజీల్లో కనిపించనిదీ ఇదే. పీఠభూమి మీద అన్నీ పండవు. పైవాళ్లు తమ దగ్గరున్నదాన్ని కిందికి పంపి, లేనిదాన్ని పైకి తెచ్చుకుంటారు. చాంగ్‌థాంగ్ వాళ్లు ఒకప్పుడు త్సో కార్ సరస్సు ఉప్పు ఇచ్చి బార్లీ తెచ్చుకునేవారు. పాడేరు సంతలో ఈ రోజుకీ పసుపు కిందికి దిగుతుంది, ఎండుచేపలు పైకెక్కుతాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం నడిచే వారంలో వెళ్తే మనుషులు కనిపిస్తారు. లేదంటే వ్యూపాయింట్లు కనిపిస్తాయి.

మాట కలుస్తుందా? డ్రైవర్ అనువాదం చేస్తే సరిపోతుందా, మీరే మాట్లాడుకోవాలా అన్నది తేల్చుకోండి. ఖర్చు సంగతి చెప్పాలంటే చాంగ్‌థాంగ్‌కి అన్నిటికంటే ఎక్కువ, తర్వాత స్పితి, నీలగిరులు, పాడేరు.

| ప్రాంతం | పడుకునే ఎత్తు (మీటర్లు) | కనీస రోజులు | మంచి కాలం | అప్పుడు నడిచే పని | పెద్దలు, పిల్లలతో |
|---|---|---|---|---|---|
| చాంగ్‌థాంగ్ | 4,000–4,550 | 9–10 | జూన్–సెప్టెంబర్ | పశ్మీనా దువ్వడం, పాల పని | వద్దు |
| స్పితి | 3,300–4,400 | 9–10 | జూన్–సెప్టెంబర్ | బఠాణీ, బార్లీ కోత | ఆలోచించి |
| నీలగిరులు | 1,800–2,250 | 4 | జనవరి–మార్చి, సెప్టెంబర్ | కుట్టుపని, తేయాకు, కూరగాయలు | నిశ్చింతగా |
| పాడేరు–కోరాపుట్ | 850–1,100 | 3–4 | అక్టోబర్–ఫిబ్రవరి | వలిసెలు, కాఫీ, సంతలు | నిశ్చింతగా, దోమతెరతో |

చాంగ్‌థాంగ్: అన్నిటికంటే ఎత్తు, అన్నిటికంటే తొందర పనికిరాని చోటు

చాంగ్‌థాంగ్ అంటే ఉత్తరపు మైదానం అని అర్థం, అక్కడివాళ్లు చాంగ్‌పాలు. చెట్టు కనబడదు. నేల, గాలి, దూరంగా నీలం గీతలా సరస్సు. మేకలు, గొర్రెలు, యాక్‌లను తోలుకుంటూ మేత ఉన్నచోటికల్లా డేరా మార్చుకునే సంచార జనం వాళ్లు. యాక్ వెంట్రుకలతో నేసిన నల్లటి డేరాని 'రేబో' అంటారు. ఇప్పుడు తెల్ల కాన్వాస్ డేరాలే ఎక్కువ.

ప్రపంచమంతా మోజుపడే పశ్మీనా వచ్చేది వీళ్ల మేకల నుంచే. గొర్రెకు కత్తిరించినట్టు కత్తిరించరు. చలికాలంలో పైవెంట్రుకల కింద మొలిచిన మెత్తటి నూగు, ఎండలు మొదలయ్యాక ఊడిపోయే వేళకు దువ్వి తీస్తారు. మే నుంచి జూలై దాకా ఈ పని ఉంటుంది. త్సో మోరీరీ సరస్సు ఒడ్డునున్న కోర్జోక్ ఊరి పైన ఒక దొడ్డిలో చూశాను. మేకను పడుకోబెట్టి కాళ్లు కట్టేశారు. ఇనుప పళ్లున్న దువ్వెన మెడ దగ్గర్నుంచి కడుపు దాకా లాగుతున్నారు. మేక ఒకసారి అరిచి ఊరుకుంది. దువ్వెన పళ్ల మధ్య బూడిదరంగు పొగలాంటిది చేరింది. నా అరచేతిలో పెట్టారు. బరువు తెలియలేదు గానీ నిమిషంలో చెయ్యి వెచ్చబడింది. ఒక్క మేక నుంచి ఏడాదికి పావు కిలో కూడా రాదు, అందులోంచి ముతక వెంట్రుక తీసేస్తే మిగిలేది ఇంకా తక్కువ. ఆ తర్వాత లేహ్ బజార్లో "అసలైన పశ్మీనా, రెండు వేలు" అన్న శాలువాని నమ్మడం నావల్ల కాలేదు.

ఇక తప్పు సంగతి. మొదటిసారి వెళ్లినప్పుడు లేహ్‌లో ఒక్క రాత్రి పడుకుని, రెండో రోజే పాంగాంగ్ సరస్సుకి పోయాం. సుమారు 4,250 మీటర్లు. అర్ధరాత్రికి మా స్నేహితుడికి తల పగిలిపోతోంది, వాంతులు. "కిందికి దిగిపోదాం" అన్నాను. డ్రైవర్ నిదానంగా, "సార్, లేహ్‌కి దిగాలంటే ముందు చాంగ్ లా ఎక్కాలి" అన్నాడు. ఆ కనుమ 5,300 మీటర్లు దాటి ఉంటుంది. ఆ రాత్రి దగ్గర్లో దొరికిన ఆక్సిజన్ సిలిండర్ మీద గడిచింది. ప్రాణం మీదికి రాలేదు గానీ ఆ టెన్షన్ మాత్రం మరిచిపోలేను.

అందుకని నా సలహా: చాంగ్‌థాంగ్ చూడాలనుకుంటే పాంగాంగ్‌ని పక్కన పెట్టండి. లేహ్‌లో మూడు రాత్రులు, మొదటి రోజంతా మంచం మీదే. తర్వాత సింధు నది వెంట పోయే దారిలో చుమథాంగ్‌లో ఒక రాత్రి. అక్కడ వేడినీటి ఊటలున్నాయి, ఎత్తు 4,000 దగ్గర. ఆ తర్వాత త్సో మోరీరీ ఒడ్డున కోర్జోక్ అయినా, హాన్లే అయినా రెండు రాత్రులు. ఈ దారిలో ఎవరికైనా బాగాలేకపోతే చాంగ్ లాలాంటి కనుమ ఎక్కక్కర్లేకుండా నది వెంటే దిగిరావచ్చు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే డాక్టర్‌తో తేల్చుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

కోర్జోక్, హాన్లేల్లో ఒక్కటే కుదిరితే? చాంగ్‌పా డేరాలు, మందలు కావాలంటే కోర్జోక్. రాత్రి ఆకాశం కావాలంటే హాన్లే. అక్కడ 4,500 మీటర్ల ఎత్తున 2 మీటర్ల అద్దమున్న టెలిస్కోప్ ఉంది, దాన్ని బెంగళూరు దగ్గర హొసకోటె నుంచే నడుపుతారు. 2022లో ఆ చుట్టుపక్కల ఊళ్లను చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఊళ్లోని కుర్రాళ్లు, అమ్మాయిలే టెలిస్కోపులు పెట్టి నక్షత్రాలు చూపిస్తారు. పీఠభూమి మనిషితో కూర్చుని మాట్లాడటానికి అంతకంటే మంచి వీలు నాకు దొరకలేదు.

ఇంకో నిజం కూడా వినండి. చాంగ్‌పాల్లో చాలామంది డేరా వదిలేసి లేహ్ పక్కనున్న ఖర్నక్‌లింగ్ లాంటి కాలనీలకు దిగిపోయారు. పిల్లల చదువు, ఆసుపత్రి, చలి, మూడూ కారణాలే. పాంగ్ వైపు మేత భూముల మీద 13 గిగావాట్ల భారీ సోలార్ ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. కాబట్టి 'అనాదిగా మారని సంచారులు' కనబడతారనుకుని వెళ్లొద్దు. డేరా బయట సోలార్ ప్యానెల్, బోలెరో, లోపల ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ కనబడతాయి. సరిహద్దు కావడంతో అనుమతుల నియమాలు మారుతూ ఉంటాయి, బయలుదేరే వారం సరిచూసుకోండి. మన ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

స్పితి: రోడ్డే మందు

లేహ్‌కి విమానం ఉంది కాబట్టే ప్రమాదం. స్పితికి విమానం లేదు, అదే అదృష్టం. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వెళ్తే కల్పా, నాకో, తాబో అంటూ నెమ్మదిగా ఎత్తు పెరుగుతుంది. నాలుగో రోజుకు కాజా చేరేసరికి ఒళ్లు సర్దుకుని ఉంటుంది. మనాలి నుంచి కుంజుమ్ కనుమ మీదుగా దగ్గరే, అది ఎండాకాలంలోనే తెరుస్తారు. ఆ దారిన పొద్దున బయలుదేరి రాత్రికి కాజాలో దిగితే లేహ్ విమానం ఎక్కినట్టే లెక్క. సిమ్లా దారిన వెళ్లి మనాలి దారిన దిగడం మేలు.

తాబో మఠం 996లో కట్టింది. మట్టి గోడలు, లోపల చీకటి, ఆ చీకట్లో వెయ్యేళ్లనాటి బొమ్మలు. దాని గురించి ఎక్కువ చెప్పను, వెళ్లి కాసేపు కూర్చోండి. హిక్కిమ్ పోస్టాఫీసు సుమారు 4,400 మీటర్ల ఎత్తులో ఉంది, అందరూ అక్కడినుంచి కార్డు రాస్తారు. నేనూ రాశాను.

చాంగ్‌పాలు సంచారులైతే స్పితి వాళ్లు రైతులు. తేడా ఇంట్లోనే తెలుస్తుంది. మట్టి ఇటుకల గోడలు, చదునైన మిద్దె, మిద్దె అంచు చుట్టూ చలికాలానికి పేర్చిన పుల్లలు, ఎండుగడ్డి. మరుగుదొడ్డి మేడమీద ఉంటుంది, నీళ్లు వాడరు. మట్టి, బూడిద వేస్తారు. ఏడాది తిరిగేసరికి అది పొలానికి ఎరువు. మా వాళ్లలో ఒకాయన దీన్ని చూసి మొహం చిట్లించారు గానీ, నీళ్లు గడ్డకట్టే చోట ఫ్లష్ ఎలా పనిచేస్తుందో ఆయన దగ్గర జవాబు లేదు. పొలం సంప్రదాయంగా పెద్దకొడుక్కే వచ్చేది, తమ్ముళ్లు మఠానికి పోయేవారు. సాగయ్యే నేల తక్కువ, ముక్కలు చేస్తే ఎవరికీ చాలదు.

వెళ్తే జూలై చివర, ఆగస్టులో వెళ్లండి. పచ్చిబఠాణీ కోత అప్పుడే. కింది ఊళ్లలో బఠాణీ అయిపోయిన వేళకు ఇక్కడ కాపుకొస్తుంది, అందుకే మంచి ధర. మేం దిగిన ఇంటి పెద్దావిడ పొద్దున్నే గోనెసంచి ముందు కూర్చుని, కాయ ఒలిచి నా చేతిలో పోసింది. పచ్చివే, చెరకులా తియ్యగా ఉన్నాయి. అరగంట నేనూ ఒలిచాను. భాష కలవకపోయినా ఆ పూట మాటలకేం లోటు రాలేదు. అయితే ఆ నెలల్లోనే కిన్నౌర్ వైపు వానలకు కొండచరియలు విరిగిపడతాయి, కాబట్టి రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోవాలి. ఆఫీసులో సెలవు గట్టిగా లెక్కపెట్టేవాళ్లకు ఇది పెద్ద చిక్కు. వాళ్లు సెప్టెంబర్ ఎంచుకోవాలి, బఠాణీ దక్కకపోయినా రోడ్డు దక్కుతుంది.

లాంగ్జాలో పిల్లలు శంఖాల్లాంటి శిలాజాలు అమ్మజూపుతారు. కొనొద్దు. ఒకప్పుడు ఇదంతా సముద్రం అడుగు అని చెప్పే సాక్ష్యాలవి, అక్కడే ఉండాలి.

నీలగిరులు: అందరూ వెళ్లేదే, ఎవరూ చూడనిదే

ఊటీకి వెళ్లిరాని తెలుగు కుటుంబం తక్కువ. తోడాలతో మాట్లాడి వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. 2,240 మీటర్ల ఎత్తు, ఊపిరికి ఇబ్బంది ఉండదు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇంటికి 'నిజమైన ఎత్తు' కావాలంటే నేను మొదట చెప్పేది ఇదే.

ఇక్కడి విశేషం ఒకే పీఠభూమి మీద పక్కపక్కనే బతికిన వేర్వేరు జనాలు. తోడాలది గేదెల పని, పాలు, నెయ్యి. కోటాలు కుండలు చేసేవారు, కొలిమి పని చేసేవారు, వాయిద్యాలు వాయించేవారు. బడగలు ధాన్యం పండించేవారు. కురుంబలు అడవి నుంచి తేనె తెచ్చేవారు. డబ్బు లేకుండానే తరాల తరబడి ఇచ్చిపుచ్చుకున్నారు. బడగ అంటే కన్నడంలో ఉత్తరం, ఉత్తరం నుంచి వచ్చినవాళ్లని ఆ పేరు. చాంగ్‌పా అన్నా ఉత్తరంవాడే. దేశం ఆ కొసనా ఈ కొసనా పీఠభూమి వాళ్లకు ఒకే పేరు పడటం నాకు తమాషాగా అనిపించింది.

తోడాల పల్లెని 'మందు' అంటారు. వినగానే మన పశువుల మంద గుర్తొచ్చింది. వాళ్ల భాష, కోటాల భాష రెండూ ద్రావిడ కుటుంబానివే, కాబట్టి దూరపు చుట్టరికం ఉంది. తోడాలు మొత్తం దాదాపు రెండు వేల మందే. సగం పీపాని బోర్లించినట్టుండే పాత ఇళ్లు ఇప్పుడు తక్కువ, చాలామంది పక్కా ఇళ్లలోనే ఉంటారు. ఫొటో కోసం వెళ్లేవాళ్లు ఇక్కడ నిరాశపడతారు. కుట్టుపని కోసం వెళ్లేవాళ్లకు ఆ బాధ లేదు. తెల్లటి ముతక నూలు గుడ్డ మీద ఎరుపు, నలుపు దారాలతో, ముందు గీత గీసుకోకుండా, నేత పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కుట్టినవాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి. గుడి దగ్గరికి పిలవకుండా పోవద్దు.

ముత్తోరై పాలాడ దగ్గర గిరిజన పరిశోధన కేంద్రం మ్యూజియం చిన్నదే గానీ, ముందు అది చూసి ఊళ్లోకి వెళ్తే ఎవరు ఎవరో తెలుస్తుంది. మేట్టుపాళయం నుంచి ఊటీకి పళ్లచక్రం రైలు 46 కిలోమీటర్లకు దాదాపు అయిదు గంటలు తీసుకుంటుంది, టికెట్ దొరికితే వదలొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వెళ్లకండి. రద్దీ ఎంతంటే హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి వాహనాలకు ఈ-పాస్ పెట్టాల్సి వచ్చింది. నీలకురింజి పూల కోసమే అయితే అవి పన్నెండేళ్లకోసారే పూస్తాయి, ఎప్పుడో ముందే కనుక్కుని వెళ్లండి.

పాడేరు–కోరాపుట్: మన ఇంటి వెనకే

ఎత్తు పిచ్చి ఉన్నవాళ్లు దీన్ని జాబితాలోంచి కొట్టేస్తారు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం కూడా 1,700 మీటర్లకు లోపే. కానీ మనుషుల కోసం వెళ్లేవాళ్లకు నాలుగింటిలో ఇదే మొదటిది అంటాను. కారణం సంత.

మన్యంలో వారానికోసారి జరిగే సంతలో పైలోకం, కిందిలోకం కలుస్తాయి. తెల్లారేసరికి కొండల మీంచి కావిళ్లతో, తలమీద గంపలతో దిగుతారు. అల్లం, పసుపు, చింతపండు, పిప్పళ్లు, రాజ్మా, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు. మైదానం నుంచి లారీల్లో ఉప్పు, ఎండుచేపలు, గాజులు, ప్లాస్టిక్ బిందెలు. ఒక ముసలావిడ గోనెపట్టా మీద పిప్పళ్లు కుప్పలు పోసుకుని కూర్చుంది. "కుప్ప ఎంతమ్మా?" అన్నాను. "ఇరవై బాబూ" అంది. "పదిహేనుకిస్తావా?" అని అలవాటుగా అనేశాను. ఆవిడ నా వైపు చూడకుండా ఒక కుప్పలోంచి నాలుగు కాయలు తీసి పక్కన పెట్టి, "ఇది పదిహేను" అంది. ఇరవై ఇచ్చి, ఆ నాలుగు కాయలూ తెచ్చుకున్నాను.

ఇక్కడికి వెళ్లే తెలుగువాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: అందరికీ తెలుగే వచ్చనుకోవడం. అరకు వైపు చాలా ఊళ్లలో జనాలు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియాలో. బగతలు, కొండదొరలు, కోందులు, పోర్జలు, వాల్మీకులు, గదబలు... పేర్లు చాలా ఉన్నాయి. గదబల్లో ఒక శాఖ మాట్లాడే గుతోబ్ అసలు ద్రావిడ భాషే కాదు, ముండా కుటుంబానిది. అదే గదబ పేరున్న ఇంకో శాఖది ద్రావిడ భాష. అందుకని "ట్రైబల్ భాష" అని ఒక్కమాటలో అడగకండి, "మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడగండి.

అక్టోబర్ చివర, నవంబర్‌లో వలిసె పూలు మెట్టంతా పసుపు చేస్తాయి. అందరూ ఆ పూలలో నిలబడి ఫొటో దిగుతారు. అది నూనెగింజ పంట, తొక్కితే ఒకరి ఇంటి నూనె పోతుంది. నవంబర్ నుంచి కాఫీ పండ్లు ఎర్రబడతాయి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ మొక్క, ఆ ఓక్ మానుకు అల్లుకున్న మిరియాల తీగ. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండు తొక్క తీసి నోట్లో వేసుకుంటే గింజ చుట్టూ తేనెలాంటి జిగురు ఉంటుంది, కాఫీ రుచి దానికి ఏమాత్రం రాదు.

ఒడిశా వైపు దాటితే కోరాపుట్. ఇక్కడి సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయంగా గుర్తించింది. నాటు వరి రకాలను దాచి కాపాడిన పరజా తెగ రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఊళ్లోని గిరిజన మ్యూజియం చూసి, దేవమాలి కొండ ఎక్కి, విశాఖ రైల్లో దిగిరావచ్చు. బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం 1960లలో వేసిన లైను ఇది. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్ దీని మీదే ఉంది. సొరంగాల లెక్క పిల్లలకు అప్పగించండి.

చిక్కులు మూడు. ఒకటి మలేరియా, అందుకే పట్టికలో దోమతెర రాశాను. రెండు, డిసెంబర్ శని ఆదివారాలు. లంబసింగి, వంజంగి దారుల్లో తెల్లవారుజామున మూడింటికే ట్రాఫిక్ జామ్ అవుతుంది, మబ్బులకంటే కార్లు ఎక్కువ కనబడతాయి. మంగళ, బుధవారాల్లో వెళ్లండి. మూడోది చిక్కు కాదు, జవాబు. "ఇక్కడ స్థలం కొనొచ్చా?" అని ప్రతి గుంపులో ఒకరైనా అడుగుతారు. కుదరదు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు.

ఎవరికి ఏది

అమ్మానాన్నలతో, నాలుగు రోజులే ఉంటే: పాడేరు–అరకు. చలి తట్టుకోగలిగి, కొత్త రాష్ట్రం చూడాలంటే నీలగిరులు.

బైక్ మీద పోయే పాతికేళ్ల కుర్రాళ్లు అందరూ లద్దాఖే అంటారు. పది రోజులకు లోపు సెలవుంటే స్పితి చాలు అంటాను నేను. ఉమ్లింగ్ లా 5,798 మీటర్ల రోడ్డు మీద ఫొటో దిగాలన్న కోరిక ఉంటే ఉంచుకోండి, దానికి రెండు వారాలు కేటాయించండి. కుర్రతనం ఎత్తు జబ్బును ఆపదు. పరుగులు తీసేవాళ్లకే అది ముందొస్తుంది.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు నా స్నేహితురాళ్లు చెప్పేది స్పితి: ఇళ్లలో బస, చాలా ఊళ్లకు బస్సు, సాయంత్రం పొయ్యి చుట్టూ ఇంటివాళ్లతో కలిసి భోజనం.

పిల్లలకు భూగోళం, సోషల్ పాఠాలు కళ్లారా చూపించాలంటే రైలు, సంత, కాఫీ తోట, సొరంగం అన్నీ ఒకే మూడు రోజుల్లో దొరికేది కోరాపుట్ లైన్లోనే. ఇదివరకే లేహ్ చూసి, "ఇంకోసారి, ఈసారి సరిగ్గా" అనుకునేవాళ్లకు మాత్రమే చాంగ్‌థాంగ్. మొదటిసారే అక్కడికి పోవాలనుకునేవాళ్లను నేను ప్రోత్సహించను.

ఏదీ కుదరనివాళ్లకు ఇంకో దారి ఉంది. శ్రీకాకుళం సరిహద్దు అవతల, ఒడిశా గజపతి జిల్లా చంద్రగిరిలో 1960ల నుంచి టిబెటన్ల ఊళ్లున్నాయి, పెద్ద బౌద్ధ మఠం ఉంది. మొక్కజొన్న చేల మధ్య ప్రార్థనా జెండాలు ఎగురుతుంటాయి. ఒక్కరోజులో చూసి రావచ్చు. చలికాలంలో మన ఊళ్లలో ఖాళీ స్థలాల్లో పందిళ్లు వేసి స్వెట్టర్లు అమ్మే టిబెటన్లు ఇలాంటి ఊళ్లవాళ్లే. లద్దాఖ్ నుంచి వచ్చిన ఏడాది, అలాంటి ఒక పందిట్లో మా పాపకు టోపీ కొంటూ, నేర్చుకున్న నాలుగు ముక్కల్లో "జూలే" అన్నాను. ఆవిడ నవ్వేసి, తెలుగులోనే, "అది లద్దాఖ్ వాళ్ల మాటండీ, మేం తాషీ దెలెక్ అంటాం" అంది. అక్కడి చలి గురించి, నల్ల డేరాల గురించి చెప్పాను. ఓపిగ్గా విని, టోపీ కవర్లో పెడుతూ అంది: "మా అమ్మమ్మ చెప్పేది. నేనెప్పుడూ చూళ్లేదు. మాకు చంద్రగిరిలోనే చలేస్తుంది."